పిల్లి వున్న ఇంటికి కుక్క వస్తే

పోయిన సంవత్సరం శ్రావణమాసంలో 11 రోజులపాటు మా అత్తగారు సరిగా అన్నం తినలేదు. జ్వరమూ కాదు, ఉపవాసమూ కాదు. ఆవిడ పిల్లి ఇల్లు వదలి పోయింది. అది పోవడానికి కారణం మేమే. మేమంటే నేనూ, మావారూ, మా పెద్దబ్బాయీ, కోడలూ, తొమ్మిదేళ్ల మనవడూ, ఇంటిల్లిపాదీ కలిసి ఒక్క పది నిమిషాలలో చేసిన నిర్వాకం అది. ఆ పది నిమిషాలలో చెడినదాన్ని బాగుచేయడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఈమధ్య మన తెలుగు కుటుంబాలలో కూడా కుక్కలను పెంచే సరదా యెక్కువగా కనబడుతున్నది. పిల్లుల సంగతి సరేసరి, అవి యెప్పుడూ వున్నవే. అంచేత మేము పడిన పాట్లు మరొకరు పడకుండా వుంటారని యిది రాస్తున్నాను.

మాది కోయంబత్తూరు. నాలుగు తరాలుగా యిక్కడే కాపురం. పాతకాలపు పెంకుటిల్లు, ముందు అరుగు, దానివెనక ముందుగది, తరవాత హాలు, వంటిల్లు, పెరట్లో నుయ్యి, ఒక పక్కగా తరవాత వేసుకున్న మేడగది. మా మామగారు పోయిన యేడాది వానాకాలంలో ఒక పిల్లికూన తడిసి ముద్దయి నూతిపళ్లెం దగ్గిర వణుకుతూ వుంటే, అత్తగారు తువ్వాలుతో తుడిచి లోపలికి తెచ్చారు. అదివరకు ఆవిడ పిల్లుల్ని గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. గౌరి అని పేరు పెట్టారు. ఎనిమిదేళ్లయింది. ఆవిడ జపానికి కూచుంటే యెదురుగా కూచుంటుంది, పడుకుంటే కాళ్లదగ్గిర పడుకుంటుంది. ఆ వయస్సులో ఆవిడతో రోజంతా మాట్లాడేందుకు మాకు తీరికలేదని వేరే చెప్పనక్కరలేదు కదా! గౌరికి తీరికే తీరిక.

ఇలా వుండగా మా అబ్బాయి స్నేహితుడికి విదేశంలో వుద్యోగం వచ్చింది. అతనికి రెండేళ్ల కుక్క వుంది. తల్లి రాజపాళయం జాతిది, తండ్రి వూరకుక్కట. తెల్లని ఒళ్లు, గులాబీరంగు ముక్కు, పొడుగాటి కాళ్లు, చూడ్డానికి రాజకుమారుడిలా వుంటుంది. పేరు వీర. యెవరికైనా యిచ్చేయాలంటే అబ్బాయి మనసు కరిగింది. నన్నడిగాడు, వాళ్ల నాన్ననడిగాడు. నాయనమ్మను అడగలేదు. పిల్లిని అడగాలని అసలు తోచలేదు.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. సాయంకాలం కారులోంచి కుక్క దిగగానే అందరం వీధిగుమ్మంలోకి పరుగెత్తాం. ఒకరు బిస్కెట్టు, ఒకరు నీళ్లు. మనవడు ఇంకో అడుగు ముందుకు వేసి, "గౌరికి చూపిస్తా" నని దాన్ని రెండుచేతులా యెత్తుకుని కుక్క ముక్కు దగ్గిరకు తెచ్చాడు. "అదీ! స్నేహం చేసుకోండి" అని నేనే అన్నాను. గౌరి వాడి ముంజేయి పొడుగునా గీరి, భుజం మీదనుంచి దూకింది. అది పరుగెత్తడం చూడడంతోనే వీర మా అబ్బాయి చేతిలోని తాడు లాక్కుని వెంటబడ్డాడు. హాలు, వంటిల్లు, పెరడు. పాలగిన్నె బోర్లపడింది, తులసికోట పక్క కుండీ పగిలింది. గౌరి జామచెట్టెక్కి, అక్కడినుంచి పక్కింటి డాబా మీదికి గెంతి, చీకట్లో కలిసిపోయింది. అత్తగారు పెరటిగుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

మనవడి చేతిని కొళాయికింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడిగించి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాం. గౌరికి పిచ్చికుక్కవ్యాధి టీకా గడువు దాటిపోయిందని అప్పుడు గుర్తు వచ్చింది. ఆ జబ్బు లక్షణాలు ఒకసారి బయటపడితే ప్రాణం దక్కడం దాదాపు లేదు. కుక్క కరిచినా పిల్లి గీరినా సబ్బునీళ్లూ, వెంటనే డాక్టరూ తప్పవు. వాడికి సూదిమందులు వేయించాం. మీ ఇంట్లో కుక్కా పిల్లీ వుంటే రెండింటికీ టీకాలు వేయించిన కాగితం ఒకసారి తీసి తేదీ చూసుకోండి. ఈ వ్యాసం తరవాత చదవవచ్చును.

నాలుగో రాత్రి పక్కింటి డాబా మీద అరుపు వినిపించింది. అత్తగారు ఎనభై యేళ్ల మనిషి, మెట్లన్నీ యెక్కి మేడగది ముందు పిట్టగోడ మీద చేపముక్కలు పెట్టి వచ్చారు. కొంచెం తిన్నది, కిందికి రాలేదు. అలా రోజూ. పన్నెండో రోజు తెల్లవారుజామున మేడగది కిటికీలోంచి లోపలికి దూరి ఆవిడ పాత చీరమీద పడుకుంది. అప్పుడు మా పేటలో వున్న పశువైద్యురాలిని పిలిపించాం. పిల్లులు భయంతో తిండి మానేస్తే, ముఖ్యంగా కాస్త వొళ్లున్న పిల్లులకు, కొద్దిరోజులలోనే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుందట. ఒక రోజంతా ముద్ద ముట్టకపోతే కనిపెట్టి వుండాలి, రెండోరోజుకూ ముట్టకపోతే చూపించాలి అన్నది ఆమె చెప్పిన మొదటి మాట. గౌరి అదృష్టవశాత్తు చిక్కిందే గాని జబ్బు పడలేదు.

జరిగినదంతా విని డాక్టరమ్మ అన్న రెండో మాట నాకు యిప్పటికీ గుర్తే. "కుక్కకు ఇల్లు చూపించారు, పిల్లికి దారి చూపించారు" అన్నది.

ఆమె లెక్క ప్రకారం యీ వ్యవహారంలో చూడవలసింది కుక్క సంతోషం కాదు, పిల్లి ధైర్యం. కుక్క మనుష్యులను నమ్ముకుని బతికే జంతువు; మనం యెక్కడుంటే అదే దాని ఇల్లు. పిల్లి అలా కాదు, చోటును నమ్ముకుంటుంది. తన దారులు, తన మూలలు, తన వాసనలు వున్నచోటే దానికి ఇల్లు. వాటిలోకి మరో జంతువు చొరబడితే ఇల్లే పోయినట్టు. కుక్కలూ పిల్లులూ కలిసివున్న ఇళ్లను పరిశీలించి ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రకటించిన విషయం కూడా యిదే: ఆ రెండింటి పొత్తు కుదరడం కుక్కకంటె పిల్లి నిబ్బరంమీద యెక్కువ ఆధారపడి వుంటుందని. అంతకు పదేళ్ల ముందు, 2008లో, ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వారు ఇలాంటి పరిశీలనే చేశారు. చాలా ఇళ్లలో అవి సఖ్యంగానే వుంటున్నవనీ, చిన్నతనంలోనే కలిపినవాటికీ, పిల్లి ముందువచ్చి కుక్క తరవాత వచ్చిన ఇళ్లలోనూ పొత్తు బాగా కుదురుతుందనీ వారు తేల్చారు. మాకు పిల్లి ముందు వచ్చిందన్న ఒక్క సదుపాయం వుంది. దాన్ని మొదటిరోజే పాడుచేసుకున్నాం.

మళ్లీ మొదలుపెట్టాం. ముందుగది వీరది. తలుపు మూసి వుంటుంది. హాలు, వంటిల్లు, అత్తగారి గది, మేడ అన్నీ గౌరివి. కొత్తగా వచ్చినవాడిని కట్టడిలో పెట్టాలి గాని వున్నదాన్ని ఒక గదిలో వేసి గొళ్లెం పెట్టకూడదు. మనలో చాలామంది చేసేది సరిగా దీనికి తలకిందులు. పిల్లి చిన్నది కదా, ఒక మూల పడి వుంటుందిలే అనుకుంటాం.

ముందు చూపులు కాదు, వాసనలు. పిల్లి చెంపలలో వాసన గ్రంథులుంటాయి. అది గుమ్మాలకూ మన కాళ్లకూ చెంపలు రుద్దడం ముద్దుకోసమే కాదు, "ఇది నాది" అని ముద్ర వేయడం. అత్తగారు ఒక మెత్తటి పాతగుడ్డతో గౌరి చెంపలు నిమిరి యిచ్చేవారు. దాన్ని వీర అన్నంగిన్నె పక్కన పెట్టేవాళ్లం. వీర తుడుచుకున్న తువ్వాలు హాల్లో ఒక మూల పడేసేవాళ్లం. దాన్ని పిల్లి తిండిగిన్నె దగ్గిర పెట్టవద్దని డాక్టరమ్మ హెచ్చరించింది, తిండి మానేస్తుందట. మొదటిరోజు గౌరి ఆ తువ్వాలును చూసి నాగుపాములా బుసకొట్టింది. రెండోరోజు చుట్టూ తిరిగింది. అయిదోరోజు దానిమీద కూచుని వొళ్లు నాక్కుంటోంది. ఆ వేళ అత్తగారు మొదటిసారి నవ్వారు.

తరవాత మూసిన తలుపుకు ఆ పక్కన ఒకరికీ యీ పక్కన ఒకరికీ తిండి. మొదట తలుపుకు ఆరేడు అడుగుల దూరంలో గిన్నెలు. ఇద్దరూ స్థిమితంగా తింటే మర్నాడు ఒక అడుగు దగ్గిరకు. యెవరైనా తినడం మాని తలుపుకేసి చూస్తే మళ్లీ వెనక్కి. మధ్యమధ్య వీరను షికారు తీసుకువెళ్లినప్పుడు ముందుగది తెరిచి పెడితే గౌరి వెళ్లి అంతా తనిఖీ చేసి వచ్చేది, మున్సిపల్ అధికారిలాగ. మూడు వారాలు గడిచేదాకా ఒకరినొకరు చూసుకోలేదు. కోడలు విసుక్కుంది. మావారు, "మన పెళ్లిచూపులకు కూడా యింత తతంగం లేదే!" అన్నారు.

ముందుగదికీ హాలుకూ మధ్య దోమలజాలీ తలుపు బిగించాం. దానికి పాత పంచె అడ్డంగా కట్టి, రోజూ కొంచెం కొంచెం పైకి యెత్తాం. వీరను బాగా నడిపించి, అలిసిన తరవాత, మెడపట్టెకు తాడు కట్టుకుని కూచోబెట్టేవాళ్లం. పిల్లికేసి చూసి మళ్లీ మాకేసి తల తిప్పితే ఉడకబెట్టిన కోడిమాంసం ముక్క. చూపు తిప్పినందుకు బహుమానం అన్నమాట. అయిదు నిమిషాలకంటె యెక్కువ లేదు. బాగా జరుగుతున్నప్పుడే ఆపేయాలి, చెడిందాకా లాగకూడదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. వీర పెరిగినది తమిళుల ఇంట్లో. "కూచో" అంటే వాడికేం తెలుస్తుంది? "ఉక్కారు" అంటే కూచుంటాడు. "వా" అంటే వస్తాడు. గౌరికి తెలుగు తప్ప రాదు. ఒకే గదిలో మా మనవడు కుక్కతో తమిళమూ పిల్లితో తెలుగూ మాట్లాడుతూ వుండేవాడు. మా అత్తగారు బజారులో, గుళ్లో, ఇరుగుపొరుగుతో తమిళం చక్కగా మాట్లాడతారు గాని, ఇంట్లో తెలుగే మాట్లాడాలన్నది ఆవిడ పట్టుదల. అంచేత కుక్కతో అసలు మాట్లాడనే లేదు.

మాటలు సరే, ఆ జంతువుల సంజ్ఞలే ఒకదానికొకటి తలకిందులు. కుక్క తోక వదులుగా ఆడిస్తే సంతోషం. పిల్లి తోక కొరడాలా ఝాడిస్తే కోపం. కుక్క ముందుకాలు యెత్తితే ఆడుకుందాం రమ్మని. పిల్లి కాలు యెత్తితే కొట్టబోతున్నదని. కుక్క వెల్లకిలా పడుకుంటే తరచు లొంగుబాటు; బెదిరిన పిల్లి వెల్లకిలా పడితే నాలుగు కాళ్ల గోళ్లూ సిద్ధం చేసుకున్నదన్నమాట. పాపం వీర ఆడుకుందామని ముందుకాళ్లు వంచి పిరుదులు పైకెత్తితే గౌరి యుద్ధం అనుకునేది. అయితే కలిసి వుండగా వుండగా ఒకరి సంజ్ఞలు ఒకరు నేర్చుకుంటారు. ఇందాక చెప్పిన టెల్ అవీవ్ పండితులు దీన్ని కూడా గమనించారు: పిల్లులు ఒకదాన్నొకటి ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకుంటాయి కదా, ఆ మర్యాదను కుక్కలు కూడా పట్టుకుని పిల్లులను అలాగే పలకరిస్తున్నాయట. పొరుగు భాష నేర్చుకుని బతకడం మనకు కొత్త కాదు గనక యిది నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

ఒకరోజు వీర జాలీమీదికి కాళ్లు వేసి మొరిగాడు. అత్తగారు చీపురుతో వచ్చారు. డాక్టరమ్మ అదివరకే చెప్పి వుండబట్టి నేను అడ్డం వెళ్లాను. పిల్లి కనబడ్డప్పుడల్లా దెబ్బ తగిలితే, దెబ్బకు కారణం పిల్లేనని కుక్క అనుకుంటుంది. ద్వేషం పెరుగుతుందే గాని తరగదు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలిసిందే. మరిగే పాలలో ఒక్కసారి మూతి కాలిన పిల్లి రాయలవారి యెదుట పాలగిన్నె చూసి పారిపోయిందని చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, జంతువు మనసు పనిచేసే తీరు మాత్రం అదే. మొదటి అనుభవం వాత పెట్టినట్టు వుండిపోతుంది. మా మొదటి పది నిమిషాలు గౌరికి అటువంటి పాలగిన్నె. కుక్క తప్పు చేస్తే కేకలు లేకుండా తాడు పట్టుకుని అవతలికి తీసుకుపోవాలి, అంతే. ఆమె మాట అత్తగారితో చెబితే చీపురు గోడకు ఆనించి, "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. న్యాయమే.

అన్నిటికంటె మమ్మల్ని భయపెట్టింది వీర జాతి. రాజపాళయం ఇప్పటి విరుదునగర్ జిల్లాలోని పట్టణం. విజయనగర కాలంలో ఆంధ్రదేశంనుంచి తరలివచ్చి అక్కడ స్థిరపడిన రాజుల కుటుంబాలు యీనాటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. ఆ వూరిపేరు మోసే తెల్లకుక్క అడవిపందుల వేటకు పేరుపడ్డది. కర్నాటకలో బాగల్‌కోట జిల్లా ముధోళ్ వేటకుక్క, ఈ తమిళదేశపు చిప్పిపారై, ఇవి కుందేళ్లను కంటితో పట్టి తరిమే జాతులు. 2005లో మన తపాలాశాఖ నాలుగు భారతీయ జాతుల కుక్కలమీద బిళ్లలు వేసింది. రాజపాళయం, ముధోళ్ రెండూ వాటిలో వున్నాయి. చూసి గర్వపడవలసిన జంతువులే. కాని పరుగెత్తే చిన్నప్రాణిని తరమడం తరతరాలుగా వాటి నెత్తుటిలో నాటిన గుణం. మా ఇంట్లో మొదటిరోజు వీర చేసింది పగ కాదు, కులవిద్య. పిల్లి నడిస్తే వూరుకునే కుక్క కూడా పిల్లి పరుగెత్తితే ఆగలేదు. కాబట్టి పిల్లికి పరుగెత్తవలసిన అవసరం రాకుండా చూడాలి.

అందుకు మార్గం యెత్తు. మేము అలమర పైభాగం ఖాళీ చేశాం. కిటికీ పక్కన రెండు బల్లచెక్కలు మెట్లలాగ గోడకు కొట్టించాం. అటకమీదికి దారి చేశాం. హాల్లో యే మూలనుంచైనా గౌరి నేలమీద కాలు పెట్టకుండా అత్తగారి గదిదాకా వెళ్లవచ్చును. ఆ గది తలుపును లోపల గొలుసు వేసి జానెడు సందు వుండేటట్టు పెట్టాం. పిల్లి దూరుతుంది, కుక్క దూరదు. లోపల దాని తిండీ, నీళ్లూ, ఇసకతొట్టీ. ఇసకతొట్టి లోపలే యెందుకంటే కుక్కలకు దానిమీద వుండే ఆసక్తి చెప్పుకోవడానికి బాగుండదు. పైగా దొడ్డికి వెళ్లిన చోట కుక్క కాపు కాస్తే పిల్లి అక్కడికి పోవడమే మానేసి పరుపులమీద పాడుచేస్తుంది.

ఇది చెబుతూంటే ఒక సంగతి జ్ఞాపకం వస్తున్నది. మొదటి వారాలలో మా అత్తగారు తెల్లవారుజామున అయిదింటికే నూతిదగ్గిర దుప్పట్లు వుతుక్కుంటూ కనిపించేవారు. "పనిమనిషి వస్తుంది కదత్తయ్యా" అంటే "నిద్ర పట్టలేదమ్మా" అనేవారు. గౌరి భయానికి ఆవిడ పక్కమీద తడిపేస్తున్నదనీ, తెలిస్తే దాన్ని యెక్కడికైనా పంపించేస్తామేమోనని దాచారనీ చాలా రోజుల తరవాత తెలిసింది. ఎనభై యేళ్ల వయసులో తన ఇంట్లో తాను యెవరికో జడిసి రహస్యంగా దుప్పట్లు వుతుక్కోవడం! ఆ రాత్రి మావారూ నేనూ చాలాసేపు మాట్లాడుకోలేదు. డాక్టరమ్మను అడిగితే, బెదిరిన పిల్లులకు మూత్రాశయం వాచి యిలా కావడం మామూలేననీ, తిట్టవద్దనీ, మందుతోనూ నెమ్మదితోనూ తగ్గుతుందనీ చెప్పింది. అదే మగపిల్లి మాటిమాటికీ ముక్కుతూ చుక్క మూత్రం రాకపోతే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తాలట; ఆలస్యమైతే చనిపోతుంది.

తిండి విషయం కూడా రెండు మాటలు. పిల్లికి మాంసంలో వుండే టారిన్ అనే పదార్థం అత్యవసరం. దాని శరీరం దాన్ని చాలినంత తయారుచేసుకోలేదు. లేకపోతే చూపూ, గుండే దెబ్బతింటాయి. కాబట్టి కుక్క తిండితోగాని, మన పెరుగన్నంతోగాని పిల్లి బతుకు వెళ్లదు. అటు కుక్కకు పిల్లి తిండి మహాయిష్టం, కాని అది దానికి మరీ బలమై వొళ్లు పెరుగుతుంది. గిన్నెలు వేరు, చోట్లు వేరు, యెత్తులు వేరు.

ఇక మందుల సంగతి. ఇది చదివి మరిచిపోవద్దు. వీరకు పిడుదులు పట్టాయి. మావారు ఒక దుకాణంనుంచి వీపుమీద వేసే చుక్కలమందు తెచ్చారు. వేయబోతుంటే కోడలు డబ్బామీది అక్షరాలు చదివి, అనుమానం వచ్చి డాక్టరమ్మకు ఫోను చేసింది. అందులో పెర్మెత్రిన్ వుంది. కుక్కకు అది సరిపడుతుంది గాని పిల్లి శరీరం దాన్ని విరగ్గొట్టుకోలేదు. వొణుకు, మూర్ఛలు, మరణం. పిల్లికి వేయనక్కరలేదు, మందు వేసిన కుక్కను రాసుకుని పడుకున్నా, నాకినా ప్రమాదమే. ఆ డబ్బా తిరిగి ఇచ్చేసి, పిల్లి వున్న ఇంటికి పనికివచ్చే మందు రాయించుకున్నాం. అలాగే మనం తలనొప్పికి మింగే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ప్రేమకొద్దీ జ్వరం వచ్చిందని పాలలో కలిపి పోయకండి.

రెండు నెలలకు జాలీ తలుపు తీశాం. వీర మెడపట్టెకు తాడు వుంచే, అది నేలమీద యీడ్చుకునేటట్టు వదిలాం, అవసరమైతే కాలితో తొక్కి ఆపవచ్చునని. గౌరి అలమర మీదనుంచి గంటసేపు చూసింది, దిగలేదు. దింపే ప్రయత్నమూ చేయలేదు. మర్నాడు సగం దిగింది. నాలుగోనాడు నేలమీద నిలబడి వీర ముక్కుమీద ఒక్కటి కొట్టింది, గోళ్లు తీయకుండానే. పిల్లిగోరు కుక్క కంటిపాపను చీల్చగలదు గనక ఆమె గోళ్ల కొసలు అదివరకే కత్తిరించి వున్నాం. వీర తోక ముడుచుకుని మా అబ్బాయి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఆ దెబ్బ తరవాతే అసలు రాజీ కుదిరిందని నా అభిప్రాయం. డాక్టరమ్మ వొప్పుకోదు, కోడిమాంసం ముక్కల మహిమే అంటుంది.

మరో రెండు నెలలదాకా మనిషి లేకుండా వాళ్లిద్దరినీ ఒకచోట వుంచలేదు. ఇప్పటికీ అందరం పెళ్లికో పేరంటానికో వెళ్తే మధ్య తలుపు మూసే వెళ్తాం. ఎన్నాళ్లు శ్రమపడ్డా కలవని జంటలుంటాయని కూడా చెప్పాలి. కుక్క ఒళ్లు కొయ్యబారి, రెప్పవేయకుండా పిల్లినే చూస్తూ, పిలిచినా పలకక, మాంసం ముక్క ముక్కుదగ్గిర పెట్టినా ముట్టకపోతే, అది స్నేహం చేసే చూపు కాదు, వేటచూపు. అలాంటప్పుడు మొండికి పోకుండా, జన్మంతా రెండు తలుపుల మధ్య వేరువేరుగా వుంచడమో, కుక్కకు పిల్లిలేని మంచి ఇల్లు చూడడమో చేయాలి. అది చేతకానితనం కాదు. వీర తల తిప్పగలిగాడు, అదే మా అదృష్టం.

స్నేహమంటారా? ఒకరి మెడమీద ఒకరు తలపెట్టుకుని పడుకునే బొమ్మలు కాలెండర్లలో చూస్తాం. మా ఇంట్లో అటువంటిదేమీ లేదు. మధ్యాహ్నం హాల్లో చల్లటి గచ్చుమీద వీర ఒక పక్క, కిటికీ చెక్కమీద గౌరి ఒక పక్క. మధ్యలో అత్తగారి పడకకుర్చీ.

మొన్న వేసవిలో ఒకనాడు కరెంటు పోయింది. ఉక్కకు వీర నడవకు అడ్డంగా కాళ్లు చాపుకుని పడుకున్నాడు. గౌరి చెక్కమీదనుంచి దిగి, వంటింటికి వెళ్లడానికి సరిగా వాడి ముక్కుముందునుంచే, తొందరపడకుండా నడిచి వెళ్లింది. తోక కొస వాడి మీసాలకు తగిలింది. వీర చెవులు నిక్కాయి. పిల్లికేసి చూశాడు, చటుక్కున తల తిప్పి అత్తగారికేసి చూశాడు. కోడిమాంసం ముక్క కోసమే, సందేహం లేదు. ఆవిడ దగ్గిర మాంసమేదీ, జపమాల తప్ప!

విసనకర్ర ఆపి ఆవిడ కాసేపు వాడిని చూశారు. తరవాత నెమ్మదిగా, తమిళంలో, "సమత్తు" అన్నారు.

వాడు తోక నేలకేసి కొట్టాడు.